టూల్ వివరణ ఎలా రాయాలి? మా ఏజెంటుకు ఎకరాల లెక్క తప్పుతోంది

విత్తనాల_కొట్టు · మంగళవారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది కోదాడలో విత్తనాలు, ఎరువుల దుకాణం. నాన్నగారు పెట్టినది. నేను కొన్నేళ్లు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, తిరిగి వచ్చి దుకాణంలో కూర్చున్నాను. కౌంటర్ దగ్గర పనిచేసే కుర్రాళ్ల కోసం ఒక ఏఐ ఏజెంటు తయారుచేశాను. రైతు అడిగినదాన్ని ఫోనులో తెలుగులో టైపు చేస్తే, అది తగిన టూల్‌ను (ఒక్కో పనికి నేను రాసిన చిన్న ప్రోగ్రామ్) పిలిచి ఎన్ని ప్యాకెట్లు కావాలో, గోదాములో సరుకు ఉందో లేదో చెబుతుంది. మొత్తం తొమ్మిది టూల్స్.

రెండు వారాలు బాగానే నడిచింది. మొన్న హుజూర్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పాసుపుస్తకం చూపించి పత్తి విత్తనాలు అడిగారు. పుస్తకంలో విస్తీర్ణం 4.30 అని ఉంది. కుర్రాడు అదే టైపు చేశాడు. ఎకరానికి రెండు ప్యాకెట్ల చొప్పున లెక్కేసి ఏజెంటు 9 చెప్పింది. ఆయన తీసుకుని వెళ్లిపోయారు. నాలుగు రోజులకు మళ్లీ వచ్చారు, పది గుంటలు విత్తకుండా మిగిలిపోయిందని. అప్పటికి ఆ రకం అయిపోయింది.

4.30 అంటే 4 ఎకరాల 30 గుంటలు, అంటే నాలుగూ ముప్పావు ఎకరాలు. ఏజెంటు దాన్ని 4.3 ఎకరాలుగా తీసుకుంది. ఏజెంటు వెనకున్న ఏఐ మోడల్‌ను మార్చి చూశాను, అదీ అలాగే చేసింది. నా టూల్ ఇలా ఉంది:

> పేరు: సీడ్_క్యాల్క్
> వివరణ: విత్తన పరిమాణాన్ని లెక్కిస్తుంది.
> పారామీటర్లు: పంట (అక్షరాలు), విస్తీర్ణం (సంఖ్య, ఎకరాల్లో)

కోడ్‌లో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి, చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాశాను. ఇందులో తప్పు ఎక్కడుంది?

---

సున్నా_ఒకటి · మంగళవారం రాత్రి 10:32

తప్పు టూల్‌లో లేదు. ఏజెంటుకు మీరు ముందుగా ఇచ్చే సూచనల్లో, అంటే సిస్టమ్ ప్రాంప్ట్‌లో, "4.30 అంటే 4 ఎకరాల 30 గుంటలు" అని ఒక్క వాక్యం పెట్టండి, సరిపోతుంది. ఆరు నెలలు ఆగితే ఇంకా తెలివైన మోడల్ వస్తుంది, ఆ వాక్యం కూడా అవసరం ఉండదు.

---

నీలిపెన్ను · మంగళవారం రాత్రి 11:20

ఎంత తెలివైన మోడల్ వచ్చినా ఆ పాసుపుస్తకాన్ని చూడదు కదండీ. దానికి చేరేది "4.30" అనే నాలుగు గుర్తులు మాత్రమే.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌కు వాడుక పత్రాలు రాయడం. పన్నెండేళ్లుగా మనుషుల కోసం రాశాను, ఈ మధ్య ఏజెంట్ల కోసం కూడా రాస్తున్నాను. కొట్టు గారూ, మొదట మీ మోడల్ కళ్లతో చూడండి. టూల్ లోపల మీరు రాసిన కోడ్ దానికి కనిపించదు. పేరు, వివరణ, పారామీటర్ల జేసన్ స్కీమా (ఏ గడిలో ఏ రకం విలువ ఇవ్వాలో చెప్పే పట్టిక), ఈ మూడే కనిపిస్తాయి. ఈ రోజే పనిలో చేరిన కుర్రాడి చేతిలో ఆ మూడు ముక్కలు రాసిన చీటీ పెట్టి "ఇక నువ్వు చూసుకో" అని మీరు భోజనానికి వెళ్లిపోయారనుకోండి. ఆ కుర్రాడు చేసిన తప్పే ఇది కూడా చేసింది.

మీకు ఆ చీటీ చాలని ఎందుకు అనిపించిందంటే, మిగతాదంతా మీ తలలో ఉంది. కోదాడలో పుట్టి పెరిగిన మనిషికి చుక్క తర్వాత ఉన్నవి గుంటలని ఎవరూ చెప్పనక్కరలేదు. మీరు రాయడం మరిచిపోయినది సరిగ్గా మీకు బాగా తెలిసిన విషయమే. నేను చూసిన చెడ్డ వివరణల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. తెలియక రాసినవి తక్కువ, తెలిసి వదిలేసినవి ఎక్కువ.

"ఎకరాల్లో" అని రాశారు చూడండి, అసలు ముల్లు అక్కడుంది. అది ప్రమాణం చెప్పినట్టే ఉంది కానీ రాత పద్ధతి చెప్పలేదు. నేనైతే ఆ ఒక్క గడిని విడగొడతాను:

> పేరు: విత్తన_ప్యాకెట్ల_లెక్క
> వివరణ: పంట, భూమి విస్తీర్ణం ఇస్తే ఎన్ని విత్తన ప్యాకెట్లు కావాలో చెబుతుంది. ఫలితం పూర్ణసంఖ్య, పైకి సవరించినది. సరుకు ఉందో లేదో ఇది చూడదు, ధర చెప్పదు. రైతు విస్తీర్ణాన్ని చుక్కతో చెబితే (ఉదాహరణ: 4.30) చుక్క తర్వాతి అంకెలను దశాంశంగా తీసుకోవద్దు. అవి గుంటలు. ముందున్న అంకెను "ఎకరాలు"లో, తర్వాతి అంకెలను "గుంటలు"లో విడివిడిగా ఇవ్వాలి.
> పారామీటర్లు: పంట, ఎకరాలు (పూర్ణసంఖ్య), గుంటలు (పూర్ణసంఖ్య, 0 నుంచి 39)

గుంటలను ఎకరాలుగా మార్చే పని మోడల్‌కు వదలకండి. 40తో భాగించడం మీ కోడ్‌కు ఒక్క వరుస.

సున్నా_ఒకటి గారు చెప్పినట్టు సిస్టమ్ ప్రాంప్ట్‌లో పెట్టినా పనిచేయవచ్చు. కానీ రేపు ఇదే టూల్‌ను ఇంకో ఏజెంటుకు తగిలిస్తే ఆ వాక్యం వెంట రాదు. టూల్‌కు సంబంధించిన సంగతి టూల్‌తోనే ఉండాలి.

---

గుంటల_లెక్క · బుధవారం ఉదయం 5:50

నీలిపెన్ను అమ్మా, బాగా చెప్పారు కానీ ఒక చిక్కు ఉంది. నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ ఏజెంట్ల సంగతి నాకు తెలియదు, మా అబ్బాయి ఈ పేజీ చూపిస్తే చదివాను.

చుక్క తర్వాతివి గుంటలన్నది తెలంగాణ మాట. కోదాడ దాటి జగ్గయ్యపేట వెళితే అదే 4.30 అంటే 4 ఎకరాల 30 సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4 గజాలు. అంటే గుంటకు రెండున్నర సెంట్లు. అక్కడి రైతు 1బి (భూమి రికార్డు) కాగితం తెచ్చి చూపిస్తే మీ మొదటి లెక్కే సరైనది, ఈ కొత్త వివరణ తప్పు లెక్క ఇస్తుంది.

చుక్క తర్వాత 40 గానీ ఆపైన గానీ ఉంటే అవి కచ్చితంగా సెంట్లు. 39 లోపు ఉంటే కాగితం ఏ రాష్ట్రానిదో తెలియకుండా ఎవరూ చెప్పలేరు, నేను కూడా చెప్పలేను. ఇంకో సంగతి. నోటితో "నాలుగున్నర" అన్నది ఎవరైనా 4.5 అని రాస్తే అది నాలుగున్నరే. ఐదు గుంటలైతే కాగితం మీద 4.05 అని ఉంటుంది. బాబూ, మీ కొట్టుకు రెండు వైపుల వాళ్లూ వస్తారా?

---

విత్తనాల_కొట్టు · బుధవారం ఉదయం 8:05

వస్తారండి. విత్తనాల రోజుల్లో అటువైపు వాళ్లు కూడా బాగానే వస్తారు. ఈ కోణం నాకు తట్టనే లేదు. వాళ్లకు ఇన్నాళ్లూ సరైన లెక్క వచ్చింది కాబట్టే టూల్ బాగుందనుకున్నాను!

---

నీలిపెన్ను · బుధవారం ఉదయం 9:12

గుంటల_లెక్క గారికి నమస్కారం. నిన్న రాత్రి నేను పాఠం చెబుతూనే అదే తప్పు చేశాను. మాది వరంగల్. నాకు తెలిసినదాన్నే లోకమంతా అనుకున్నాను.

అయితే స్కీమా ఇలా మారాలి: ఎకరాలు, చిల్లర, చిల్లర_ప్రమాణం. మూడోది ఈనమ్, అంటే ఇచ్చిన జాబితాలోంచే ఎంచుకోవాల్సిన గడి, దానికి రెండే విలువలు: గుంటలు, సెంట్లు. ఈ మూడింటినీ తప్పనిసరి చేయండి. వివరణలో ఈ వాక్యం చేర్చండి: "చిల్లర 39 లేదా అంతకంటే తక్కువ ఉండి, అది గుంటలో సెంట్లో సంభాషణలో తెలియకపోతే ఊహించవద్దు. భూమి తెలంగాణలో ఉందా ఆంధ్రప్రదేశ్‌లో ఉందా అని అడిగి తెలుసుకున్న తర్వాతే ఈ టూల్‌ను పిలవాలి."

తప్పనిసరి గడి ఖాళీగా ఉంటే మోడల్ చాలాసార్లు అడగకుండా ఏదో ఒకటి నింపేస్తుంది. అందుకే "ఊహించవద్దు" అన్నది విడిగా రాయాలి.

---

రాత్రి_డ్యూటీ · బుధవారం మధ్యాహ్నం 1:30

సింగపూర్ నుంచి. కొట్టు గారూ, మిగతా ఎనిమిది టూల్స్ వివరణలు కూడా ఇక్కడ పెట్టండి. ఒకటి ఇలా ఉందంటే మిగతావి ఎలా ఉంటాయో ఊహించగలను.

---

విత్తనాల_కొట్టు · బుధవారం సాయంత్రం 4:45

సిగ్గుపడుతూనే రెండు పెడుతున్నాను.

> స్టాక్_చూడు: సరుకు వివరాలు.
> స్టాక్_పెట్టు: సరుకు వివరాలు, పరిమాణంతో.

రెండోది గోదాములో సరుకును రైతు పేరున పక్కన పెట్టిస్తుంది. పోయిన వారం ఒకాయన "450 కిలోల యూరియా దొరుకుతుందా?" అని అడిగితే ఏజెంటు నేరుగా రెండోదాన్ని పిలిచి 9 బస్తాలు పక్కన పెట్టించింది. ఆయన ఊరికే అడిగారు. పైగా 450 కిలోలంటే 10 బస్తాలు.

---

రాత్రి_డ్యూటీ · బుధవారం సాయంత్రం 6:20

అనుకున్నట్టే ఉంది. ఆ రెండు వివరణలనూ మా అమ్మకు చదివి వినిపించి ఏది ఏదో చెప్పమంటే, ఆవిడ నా మొహం చూస్తుంది.

రెండు టూల్స్ దగ్గరగా ఉన్నప్పుడు ప్రతిదానిలోనూ రెండోదాని పేరు రావాలి. "సరుకు ఉందా అని అడిగితే దీన్ని వాడవద్దు, స్టాక్_చూడు వాడాలి" అని రెండో వివరణలో మొదటి వాక్యంగా పెట్టండి. ఎప్పుడు వాడాలో అందరూ రాస్తారు, ఎప్పుడు వాడకూడదో రాసేవాళ్లు తక్కువ. పేర్లు కూడా మార్చండి. "పెట్టు" అంటే ఎక్కడ పెట్టు? "రైతు_పేరున_సరుకు_ఆపు" అంటే చదవగానే చెయ్యి ఆగుతుంది.

9 బస్తాల సంగతి: మోడల్ బస్తాకు 50 కిలోలని లెక్కేసింది. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే, డీఏపీది ఇప్పటికీ 50. మోడల్ నేర్చుకున్న రాతల్లో పాత లెక్కే ఎక్కువ ఉండవచ్చు. పారామీటర్ పేరు "పరిమాణం" అయితే ఈ తప్పు ఎప్పటికీ పోదు. "కిలోలు" అని పెట్టి, బస్తాల లెక్క కోడ్‌లో చేయండి.

ఇక ఆపడం, అమ్మడం, డబ్బు తీసుకోవడం లాంటి టూల్స్ గురించి ఒక మాట. మీరు ఎమ్‌సీపీ (ఏజెంట్లకు టూల్స్ తగిలించే ఉమ్మడి పద్ధతి) వాడుతుంటే, ఈ టూల్ చదవడానికి మాత్రమే పనికొస్తుందా, ఏదైనా మార్చేస్తుందా అని సూచించే గుర్తులు పెట్టుకోవచ్చు. పెట్టండి. కానీ అవి సూచనలు మాత్రమే, కాపలా కాదు. "రైతు సరేనన్న తర్వాతే పిలవాలి" అని ఎంత స్పష్టంగా రాసినా, కౌంటర్లో కుర్రాడు బటన్ నొక్కితేనే సరుకు ఆగేలా కోడ్‌లో కట్టుదిట్టం చేయండి. వివరణతో తాళం వేయలేం.

ఇంకో మాట, బయటివాళ్లు రాసిన ఎమ్‌సీపీ సర్వర్లు తెచ్చి తగిలించేటప్పుడు వాటి వివరణలు ఒక్కొక్కటీ చదవండి. వివరణ లోపల రహస్యంగా ఆదేశాలు దాచి ఏజెంటుతో వేరే పనులు చేయించవచ్చని 2025లో భద్రతా పరిశోధకులు చేసి చూపించారు. మీకు అది కనిపించకపోయినా మోడల్ ప్రతి అక్షరమూ చదువుతుంది.

---

సున్నా_ఒకటి · బుధవారం రాత్రి 9:05

అందరూ వివరణలు పెంచమనే చెబుతున్నారు. లెక్క ఎవరైనా వేశారా? తొమ్మిది టూల్స్, ఒక్కోదానికి పది వాక్యాలు, ప్రతి ప్రశ్నకూ అవన్నీ మోడల్‌కు పంపాలి. దానికి టోకెన్ల (మోడల్ చదివే మాటల ముక్కల) ఖర్చు ఉంది. పైగా చదవాల్సింది పెరిగితే మోడల్ తడబడుతుంది. నేను పనిచేసే చోట ఒక టూల్ వివరణ రెండు పేజీలైంది. ఎవరి వల్ల ఏ తప్పు జరిగినా ఒక వాక్యం చేర్చుతూ పోయారు. చివరికి అందులో ఒకదానికొకటి విరుద్ధమైన వాక్యాలు మూడు దొరికాయి.

---

నీలిపెన్ను · బుధవారం రాత్రి 10:10

ఈ మాట నిజం, ఒప్పుకుంటున్నాను. పుండు పడ్డ ప్రతిచోటా పట్టీ వేసుకుంటూ పోతే చివరికి మనిషి కనిపించడు.

నేను పాటించే పద్ధతి ఇది. తప్పు జరిగితే మొదట వాక్యం చేర్చను, స్కీమాతో ఆపగలనా అని చూస్తాను. "గుంటలు 0 నుంచి 39" అని స్కీమాలో పరిమితి పెట్టి, వచ్చిన విలువను కోడ్‌లోనూ సరిచూస్తే, దాని గురించి వివరణలో మూడు వాక్యాలు అక్కరలేదు. పేరుతో ఆపగలనా అన్నది తర్వాత చూస్తాను. ఆ రెండూ కుదరకపోతేనే వాక్యం. అలా చేస్తే చాలా టూల్స్‌కు నాలుగైదు వాక్యాలు సరిపోతాయి. క్లాడ్ మోడల్ తయారుచేసే ఆంత్రోపిక్ వాళ్ల పత్రాల్లో కూడా ఒక్కో టూల్‌కు కనీసం మూడు, నాలుగు వాక్యాలు రాయమనే ఉంది.

ఇందుకు మంచి ఉదాహరణ ఆ సంస్థ ఇంజినీర్లే 2024 డిసెంబరులో రాశారు. కోడ్ సరిచేసే ఏజెంటు వేరే ఫోల్డర్‌లోకి వెళ్లిన తర్వాత ఫైళ్ల దారులు తప్పుగా ఇచ్చేది. వాళ్లు టూల్‌నే మార్చి, ఎప్పుడూ మూలం నుంచి మొదలయ్యే పూర్తి దారినే ఇవ్వాలని నిబంధన పెట్టారు. తప్పులు ఆగిపోయాయి. మొత్తం ప్రాంప్ట్ కంటే టూల్స్ మీదే ఎక్కువ సమయం పెట్టామని కూడా రాసుకున్నారు.

వాక్యంతోనే తీరేవీ ఉన్నాయి. వెబ్‌లో వెతికే టూల్‌ను పిలిచేటప్పుడు వాళ్ల మోడల్ అవసరం లేకపోయినా ప్రశ్న చివర 2025 అని తగిలించేదట. వివరణ సరిచేసి దాన్ని దారిలో పెట్టారు.

---

డాలస్_తెలుగు · గురువారం ఉదయం 7:25

మంచి చర్చ. ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటి: వివరణలు ఏ భాషలో రాయాలి? రెండు విధాలా రాసి చూశాను కాబట్టి చెబుతున్నాను. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం మూడు బైట్లు, ఇంగ్లీషు అక్షరం ఒకటి. చాలా మోడళ్లలో ఒకే భావానికి తెలుగులో టోకెన్లు గణనీయంగా ఎక్కువవుతాయి. అందుకే నేను వాక్యాలు ఇంగ్లీషులో రాసి, రైతు నోట వచ్చే మాటలను మాత్రం తెలుగు లిపిలోనే ఉంచుతాను. ఆ మాటలు లేకపోతే అసలుకే మోసం.

కొట్టు గారి టూల్స్‌లో "సీజన్" అనే గడి ఉండే ఉంటుంది. దానికి ఖరీఫ్, రబీ అని రెండే విలువలు పెట్టి ఉంటారు. సూర్యాపేట వైపు రైతు యాసంగి అంటాడు, కృష్ణా డెల్టా రైతు దాళ్వా అంటాడు. మోడల్‌కు ఒక మాట తెలిసి ఇంకో మాట తెలియకపోవచ్చు. ఆ గడి వివరణలో ఒక్క వరుస రాయండి: "ఖరీఫ్ = వానాకాలం, సార్వా. రబీ = యాసంగి, దాళ్వా." మోడల్‌కు ఇది నిఘంటువు లాంటిది.

జిల్లాల ఈనమ్ ఉంటే అది కూడా చూసుకోండి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. ఎవరో పాత జాబితా అతికించి ఉంటే మీ కోదాడ ఇంకా నల్గొండ జిల్లాలోనే ఉంటుంది.

---

విత్తనాల_కొట్టు · గురువారం ఉదయం 8:40

నల్గొండలోనే ఉంది! ఇప్పుడే చూశాను. అతికించింది నేనే.

---

మోడరేటర్ · గురువారం మధ్యాహ్నం 12:15

ధాన్యం బస్తా 75 కిలోలా 40 కిలోలా అన్న 23 వ్యాఖ్యలను వేరే చర్చలోకి మార్చాము. అక్కడ ప్రశాంతంగా కొట్టుకోండి.

---

విత్తనాల_కొట్టు · శుక్రవారం రాత్రి 11:30

రెండు రాత్రులు కూర్చుని తొమ్మిదింటినీ మళ్లీ రాశాను. రాసేటప్పుడు తెలిసింది, రెండు టూల్స్ అసలు అక్కరలేదు. వాటికి వివరణ రాయబోతే "ఇది ఎప్పుడు వాడాలి" అన్నదానికి నా దగ్గరే జవాబు లేదు. తీసేశాను. ఇప్పుడు ఏడు.

పాత సంభాషణల్లోంచి 40 ప్రశ్నలు తీసి మళ్లీ అడిగించి చూశాను. ఎకరాల లెక్క ఒక్కటి కూడా తప్పలేదు. ఊరికే అడిగినప్పుడు సరుకు ఆపడం కూడా మానేసింది. మూడు తప్పులు మిగిలాయి. అందులో రెండు ఒకే రకం. కుర్రాడు "యురియ" అని టైపు చేస్తే స్టాక్ టూల్ ఖాళీ జాబితా ఇచ్చింది, ఏజెంటు రైతుకు "యూరియా లేదు" అని చెప్పేసింది. గోదాములో నిండుగా ఉంది. మూడోది కింద చెబుతాను.

---

రాత్రి_డ్యూటీ · శనివారం ఉదయం 7:00

ఖాళీ జాబితాకు రెండు అర్థాలు ఉన్నాయి: సరుకు అయిపోయింది, ఆ పేరుతో సరుకే లేదు. మీ టూల్ రెండింటికీ ఒకే జవాబు ఇస్తోంది, పాపం ఏజెంటు ఏం చేస్తుంది. పేరు దొరకకపోతే "ఈ పేరుతో సరుకు లేదు. దగ్గరి పేర్లు: యూరియా, నానో యూరియా. వీటిలో ఏదో అడిగి మళ్లీ పిలవండి" అని టూల్‌తోనే చెప్పించండి. తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశం కూడా వివరణే. కాకపోతే అది సమయానికి వచ్చే వివరణ, అవసరం లేనప్పుడు టోకెన్లు తినదు. సున్నా_ఒకటి గారు కూడా సంతోషిస్తారు.

---

సున్నా_ఒకటి · శనివారం ఉదయం 9:45

సంతోషమే. నిన్న మా రెండు పేజీల వివరణ తీసి పన్నెండు వాక్యాలకు కుదించాను. ఎవరికీ తేడా తెలియలేదు, ఏజెంటుకు కూడా. మీరు మూడో తప్పు చెప్పలేదు.

---

విత్తనాల_కొట్టు · శనివారం ఉదయం 10:20

మూడోది నవ్వు వచ్చేది. ఇప్పుడు ఏజెంటుకు జాగ్రత్త మరీ ఎక్కువైంది. ఎవరో "మూడెకరాలకు మిరప విత్తనాలు" అంటే కూడా "మీ భూమి తెలంగాణలో ఉందా, ఆంధ్రప్రదేశ్‌లో ఉందా?" అని అడుగుతోంది. ఆ రైతు కుర్రాడి వైపు చూసి, "భూమి ఎక్కడుంటే నీకెందుకయ్యా, విత్తనాలివ్వు" అన్నాడట.

---

నీలిపెన్ను · శనివారం ఉదయం 10:55

చిల్లర_ప్రమాణాన్ని నేనే తప్పనిసరి చేయించాను కదా, అందుకే. దాన్ని ఐచ్ఛికం చేయండి. వివరణలో ఇలా మార్చండి: "చిల్లర 0 అయితే ప్రమాణం అడగవద్దు, ఇవ్వవద్దు. నోటిమాటగా అర, పావు, ముప్పావు అంటే అవి ఎకరంలో భాగాలు, వాటికీ అడగవద్దు." చిల్లర ఉండి ప్రమాణం రాకపోతే కోడ్ తిప్పి పంపాలి. అర, పావుల కోసం "ఎకరాలు" గడిలో దశాంశాన్ని అనుమతించండి.

---

గుంటల_లెక్క · శనివారం సాయంత్రం 5:10

బాబూ, ఇంకొకటి చూసుకోండి. సరిహద్దు ఊళ్లలో రెండు వైపులా పొలం ఉన్నవాళ్లు ఉంటారు. ఒక కాగితంలో 2.20, ఇంకో కాగితంలోనూ 2.20. ఒకటి రెండున్నర ఎకరాలు, ఇంకొకటి రెండు ఎకరాల ఇరవై సెంట్లు. అలాంటి రైతు ఒక్కడొస్తే మీ యంత్రం రెండుసార్లు విడివిడిగా లెక్కేసి కలుపుతుందా, ముందు రెండు అంకెలూ కలిపేసి 4.40 అంటుందా?

---

విత్తనాల_కొట్టు · శనివారం రాత్రి 9:50

ఇప్పుడే పెట్టి చూశాను. 4.40 అనే అంది, ఆపైన అవి గుంటలా సెంట్లా అని కూడా అడిగింది. "ఒక్కో కాగితానికి ఒక్కోసారి విడిగా పిలవాలి, విస్తీర్ణాలను ముందుగా కలపవద్దు" అని చేర్చాను. ఈసారి రెండుసార్లు పిలిచింది, కానీ రెండు జవాబులూ విడివిడిగా పైకి సవరించి 5, 5 కలిపి 10 ప్యాకెట్లు అంది. రెండు పొలాలూ కలిపితే 4.7 ఎకరాలు, 9.4 ప్యాకెట్లు, అంటే 10. ఈ అంకెలకు సరిపోయింది, అన్నిటికీ సరిపోదు. రేపు ఆదివారం, దుకాణం ఒంటిపూట. పొలాల జాబితా మొత్తం ఒకేసారి తీసుకునేలా టూల్‌ను మార్చి మళ్లీ పెడతాను.